రేగారి ఎడమకాలు

కిటికీకి అవతల రేగారు పడుకుని ఉన్నారు. ఇవతల ఛాయాదేవి మడమలు మునిగే మంచులో నిలబడి, ముక్కు మీంచి జారుతున్న మాస్కుని ఒక చేత్తో, చంకలోని ఆల్బంని ఇంకో చేత్తో సర్దుకుంటోంది. లేవలేని వృద్ధులని చూసుకునే ఆ ఇంటిని జర్మనీలోని బ్రెమెన్‌లో తెలుగువాళ్లు కూడా హైమ్ అనే అంటారు. లోపల ఇద్దరికి కరోనా తేలిందని పదిరోజులుగా బయటివాళ్లని రానివ్వడం లేదు. కింది అంతస్తులో ఉన్నవాళ్లని మాత్రం తోటవైపు కిటికీ దగ్గర నిలబడి చూడవచ్చు. దానికీ టెర్మిన్, అంటే ముందుగా సమయం, తీసుకోవాలి, పావుగంటకి మించి ఉండకూడదు. ఛాయాదేవికి మంగళవారం పదకొండు గంటలకి దొరికింది. మంచు వల్ల ట్రాములు సరిగ్గా నడవడం లేదని రేడియోలో విన్నప్పటి నుంచీ ఆవిడకి కాలు నిలవలేదు. పదీ నలభైకే వచ్చి నిలబడింది.

లోపల ఇద్దరు ఆడవాళ్లు నీలం గౌన్లూ చేతి తొడుగులూ వేసుకుని పక్కబట్టలు మారుస్తున్నారు. ఒకరు ఆబిదా, హైదరాబాదు పిల్ల, నాలుగేళ్లుగా ఇక్కడ నర్సు. రెండో ఆవిడ బిర్గిట్, పొడుగాటి మనిషి, మణికట్టుకి పట్టీ కట్టుకుని ఉంది. పని మాత్రం చూడముచ్చటగా చేస్తున్నారు. రేగారిని ఒక పక్కకి ఒత్తిగిలించి, మాసిన దుప్పటిని వీపు దాకా చుట్టి, ఆ చుట్టని ఆనుకుని ఉతికిన దుప్పటి పరిచి, మళ్లీ ఆయన్ని ఇటు దొర్లించి మాసినదాన్ని లాగేశారు. బిర్గిట్ దాన్ని రెండు చేతులతో గుండ్రంగా ఉండ చుట్టి, చేతులు ఖాళీ చేసుకోవడానికి మంచం చివర, ఆయన ఎడమపాదం పక్కన పడేసింది.

ఎడమకాలు లేచింది. తొంభై ఏళ్ల కాలు అది, ఎముకా చర్మమూ తప్ప ఏమీ మిగలనిది. మోకాలి దగ్గర మడిచి, చీలమండ బిగించి, ఒక్క ఊపున తన్నింది. తెల్లటి ఉండ గాల్లోకి లేచి ఎదురు గోడకి తగిలి కిందపడింది. బిర్గిట్ రెండడుగులు వెనక్కి వేసి ఏదో అరిచింది. అద్దంలోంచి మాట వినిపించలేదు గానీ మొహం వినిపించింది.

"అయ్యో" అంది ఛాయాదేవి మాస్కులోపల.

తరవాత దిండు గలేబు తీశారు. అదీ ఉండ చుట్టి అక్కడే పడేశారు. కాలు మళ్లీ లేచింది. ఈసారి ఛాయాదేవి అయ్యో అనలేదు, కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. ఆబిదా తన చేతిలోని తువ్వాలుని ఆయన కుడిపాదం పక్కన వేసింది. రేగారు కదల్లేదు. బిర్గిట్ ఇంకో గుడ్డని ఎడమవైపు వేసింది. కాలు లేచింది.

ఛాయాదేవి గుండె దడదడలాడింది. ఇది భయంతో వచ్చే దడ కాదు. భయం దడ ఆవిడకి బాగా తెలుసు, ఇంట్లోంచి బయల్దేరేముందు స్టవ్వు మూడుసార్లు చూసుకునే మనిషి.

మంచం పైన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. రాత కనిపిస్తే చదవకుండా ఉండలేదు ఆవిడ. అద్దానికి నుదురు ఆనించి చదివింది. 'నా గురించి. రేమండ్ డ్వొరాక్. పుట్టింది 1930, చికాగో. అమెరికా సైనికుడిగా జర్మనీ వచ్చాను. ఓడరేవులో క్రేన్ నడిపాను. ఇష్టమైనవి: టీవీ, వెనిలా పుడ్డింగ్.'

"టీవీయా!" అంది పైకే. ఆయన కళ్లు కనిపించక పన్నెండేళ్లయింది.

పని ముగించి బిర్గిట్ బయటికి వెళ్లాక ఆబిదా వచ్చి కిటికీ పైరెక్కని వంచి తెరిచింది. లోపలి వెచ్చదనమూ మందుల వాసనా బయటికి వచ్చాయి.

"నమస్తే అమ్మా. గింత చలిల ఎప్పటి సంది నిలవడ్డరు?"

"ఇప్పుడే వచ్చాను తల్లీ. ఆయన కాలు చూశావా?"

"చూసుడేంది, తప్పించుకునుడే సరిపోతున్నది." ఆబిదా నవ్వబోయి మానేసింది. "పోయిన వారం బిర్గిట్‌కు మణికట్టు వాసింది. డ్యూటీ బుక్కుల రాసిన్రు, మనిషి అగ్రెసివ్ అని."

"అప్పుడు ఆవిడ చేతిలో ఏముంది?"

"ఏముంటదమ్మా, బట్టల ఉండ తీస్తున్నది."

"ఊఁ" అంది ఛాయాదేవి.

ఆబిదా తలుపువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పొద్దు. నా నౌకరీ పోతది. శుక్రవారం పదకొండింటికి కోర్టు నుంచి జడ్జి మేడమ్ వస్తున్నది. నడుముకు, కాళ్లకు బెల్టు కట్టనీకి పర్మిషన్ అడిగిన్రు. కొడుకు సంతకం గూడ అయింది."

"బెల్టా? మంచానికి కట్టేస్తారా?"

"కట్టేసుడు అనరమ్మా ఈడ. భద్రత అంటరు."

"కొడుకెవరు? హోల్గర్ ఆయన కొడుకు కాదు. ఆయన పెళ్లాం హెల్గా మొదటి మొగుడి కొడుకు."

"కాగితంల కొడుకే అమ్మా. మీరు ఆడనే ఉండి చూస్తే మంచిగుంటది. గంతే, నేనేం చెప్పలే."

తోటలోంచి చప్పుడు చేసుకుంటూ హైమ్ మేనేజరు లూడర్స్, ఇక్కడి మర్యాదలో ఫ్రౌ లూడర్స్, వచ్చింది. వాచీ చూపించింది. "ఫ్రౌ మూర్తి, మీ పావుగంట అయింది."

"శుక్రవారం పదకొండుకి టెర్మిన్ ఇవ్వండి."

"శుక్రవారం కుదరదు. ఆరోజు అధికారులు వస్తున్నారు."

"వాళ్లు లోపలికి వస్తారు. నేను బయట ఉంటాను."

ఫ్రౌ లూడర్స్ చెడ్డమనిషి కాదు. రెండు నెలలుగా సరైన నిద్ర లేని మనిషి, కళ్లకింద నల్లటి చారలు మాస్కు పైన కనిపిస్తున్నాయి. కానీ ఆ ప్రశ్న అడగనే అడిగింది. "అసలు మీరు ఆయనకి ఏమవుతారు?"

ఛాయాదేవి ఆల్బంని చంకలో ఇంకాస్త అదుముకుని తోటలోంచి బయటికి నడిచింది.

*

పక్కవాటా మనిషి అవుతాడు, అంతే. యాభై ఏళ్ల కిందట ఛాయాదేవి భర్త భాస్కరమూర్తి గారికి ఇక్కడ విమాన భాగాల కర్మాగారంలో ఉద్యోగం వచ్చి కాకినాడ నుంచి దిగినప్పుడు, ఇప్పటికీ తనుంటున్న ఇంటి మెట్ల మీద ఎదురైన మొదటి మనిషి. పేరు రే అన్నాడు. భాస్కరమూర్తి గారు ఇంట్లోకొచ్చి తలుపేసుకుని నవ్వారు. "రే అని పిలవాలట. మనూళ్లో అలా పిలిస్తే చెంప పగలగొడతారు." ఆ రోజు నుంచి ఆయన రేగారయ్యారు.

అయిదో క్లాసుతో చదువాగిపోయిన ఛాయాదేవి జర్మన్ నేర్చుకున్నది రేగారితో కలిసి, పేపర్లో ఫుట్‌బాల్ పేజీ మీద. ఆయనకి ఆట తెలుసు, అక్షరం సరిగ్గా రాదు. ఆవిడకి అక్షరం పట్టుబడుతోంది, ఆట తెలియదు. ఇక ఇంగ్లీషు మొత్తం రేగారి ఆల్బంలోదే. అందుకే ఆవిడ ఇంగ్లీషు వింటే కూతురు సరయు నవ్వుతుంది. కిరాణా కొట్టు మూసి ఉంటే "వాతావరణం వల్ల మ్యాచ్ రద్దు" అంటుంది. కూర మాడితే "రెండో సగంలో పట్టు జారింది" అంటుంది.

ఇంటికొచ్చి, గుమ్మం పక్కన ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే ఆసుపత్రి సంచీని పక్కకి జరిపి, బల్లమీద ఆల్బం తెరిచింది. బూడిదరంగు అట్ట, లోపల 1949 నుంచి 1954 దాకా చికాగో పేపర్ల ముక్కలు. ఒక్కోటి మూడు వేళ్ల వెడల్పు. బేస్‌బాల్ వార్తలకి పేజీ అంతా ఇచ్చి, చెక్క పిన్నుల మీదికి బంతి దొర్లించే బౌలింగ్ ఆటకి కాస్త ఇచ్చి, మిగిలిన అడుగు చోటులో సాకర్, అంటే మన ఫుట్‌బాల్, వేసేవారట. చెక్ వలసదారుల జట్టుకి రేగారు సెంటర్ ఫార్వర్డ్, గోల్స్ కొట్టే మనిషి. వారమంతా సబ్బు ఫ్యాక్టరీలో పెట్టెలు మోసి ఆదివారం ఆడేవారు. 'డ్వొరాక్ నాలుగు.' 'డ్వొరాక్ మళ్లీ మూడు.' 'గడ్డకట్టిన మైదానంలో డ్వొరాక్ అయిదు గోల్స్, అన్నీ ఎడమకాలితోనే.' ఆరు సీజన్లలో నూట తొంభై ఒకటి. ప్రపంచ కప్పు జట్టు కోసం ఆటగాళ్లని చూస్తున్నారని కబురొస్తే ఫోర్‌మన్ సెలవివ్వలేదు. ఆ సంగతి ఏ ముక్కలోనూ లేదు, రేగారు చెప్పిందే.

చివర్లో ఒక పేజీ ఉంది. దాన్ని ముందు పేజీతో కలిపి ఛాయాదేవి తలపిన్ను గుచ్చి ఉంచింది. ఆయన కళ్లు పోయి ఆవిడ చదివి వినిపించడం మొదలుపెట్టిన ఏడాదే గుచ్చింది. అది ఓడిపోయిన ఫైనల్. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం పదకొండింటికి రేగారు పెసరట్టు తింటూ వింటారు, ఆవిడ చదువుతుంది, ఆ పేజీ దగ్గరికి రాగానే "ఇంతే, అయిపోయింది" అంటుంది. ఆయన ఇంకా ఇంట్లో ఉన్న రోజుల్లో, గోల్ అన్న మాట వచ్చినప్పుడల్లా బల్లకింద ఆయన ఎడమకాలు చిన్నగా అదిరేది. ఆవిడ మోకాలికి తగిలేది. "క్షమించు ఛాయా, అలవాటు" అనేవారు.

హోల్గర్‌కి ఫోను చేసింది.

"ఫ్రౌ మూర్తి, నేను అయిదు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాను" అన్నాడు అతను. "ఆయన మనుషుల్ని తంతున్నాడు. రేపు మంచం మీంచి పడి తుంటి విరిగితే ఎవరిది బాధ్యత?"

"ఆయన మనుషుల్ని తన్నడం లేదు. ఆడుతున్నారు."

"ఏం ఆడుతున్నాడు?"

"ఫుట్‌బాల్. ఆయన ఫుట్‌బాల్ ఆటగాడని ఆ కాగితంలో ఎందుకు రాయలేదు నువ్వు?"

"అమెరికాలో ఫుట్‌బాల్ ఎక్కడిది? అమ్మకి చెప్పిన కబుర్లు అవి" అని నవ్వాడు. "అయినా, దయచేసి ఏమీ అనుకోకండి, మీరు కుటుంబం కాదు కదా."

ఫోను పెట్టేశాక ఛాయాదేవి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. లేచాక తెల్లకాగితం తీసింది.

అర్జీ రాయడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. వచ్చిన జర్మన్‌లోనే రాసింది. 'గౌరవనీయ న్యాయమూర్తి గారికి. హెర్ డ్వొరాక్ ఫౌల్ చేయలేదు. ఆయన ఎడమవైపు నుంచి వచ్చిన తెల్లటి గుండ్రటి వస్తువును మాత్రమే తన్నుతున్నారు. కుడివైపు పెట్టినదానిని తన్నడం లేదు. నేను మంగళవారం మూడుసార్లు చూశాను. ఆటని చూడకుండా ఎర్ర కార్డు ఇవ్వవద్దని కోరుతున్నాను.' చదువుకుని, ఎర్ర కార్డు కొట్టేయబోయి, ఉంచేసింది.

బుధవారం ట్రాములు పూర్తిగా ఆగిపోయాయి. స్టవ్వు మూడుసార్లు చూసుకుని, తాళం రెండుసార్లు లాగి చూసుకుని, కర్ర పట్టుకుని నడిచింది. కోర్టు గోడకున్న పెట్టెలో ఉత్తరం వేసి వచ్చేసరికి గంటన్నర పట్టింది. చెప్పకూడదనుకుంటూనే సాయంత్రం ఫోనులో సరయుకి చెప్పేసింది.

సరయుది బ్యోబ్లింగెన్‌లో కార్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పది నెలలుగా వంటగది బల్ల మీంచే. "అమ్మా, నీకేమైనా మతి ఉందా? మైనస్ టెన్‌లో! ఎనభై నిండలేదని వాక్సిన్ టెర్మిన్ కూడా రాలేదు నీకు. పడితే ఎవరొస్తారు?"

"పడలేదుగా."

వెనకనుంచి మనవరాలు తన్వి జర్మన్‌లో ఏదో అంది. "ఏవంటోందే?"

"అమ్మమ్మ కూల్ అంటోంది. దానికేం తెలుసు" అని, సరయు గొంతు మార్చింది. ఈమధ్య ప్రతి ఫోనూ ఇక్కడికే వస్తోంది. "అమ్మా. ఆ రోజు నాన్న చివరికి ఏమన్నారు? ఒక్కసారి చెప్పవా? నేను రాలేకపోయాను కదా."

"ఏమంటారే? ఆక్సిజన్ మాస్కు పెట్టేశారుగా. ఏమీ అనలేదు." ఆయన పోయిన కిందటి ఏప్రిల్ నుంచీ అదే జవాబు. "పాలు పొంగుతున్నాయి, ఉంటాను" అంది. స్టవ్వు మీద ఏమీ లేదు.

*

శుక్రవారం ఎండ కాసింది. మంచు కళ్లలో గుచ్చుకునేలా మెరుస్తోంది. టెర్మిన్ లేకుండా ఎక్కడికీ వెళ్లని ఛాయాదేవి, పదిన్నరకల్లా కిటికీ కింద నిలబడింది.

ఫ్రౌ లూడర్స్ కోటు కూడా వేసుకోకుండా తోటలోకి వచ్చింది. "ఫ్రౌ మూర్తి, ఇక్కడ మీరు నిలబడటానికి వీల్లేదు. పోలీసులని పిలవాల్సి వస్తుంది."

"పిలవండి. మంచులో వాళ్లు వచ్చేలోపు నా పని అయిపోతుంది."

ఎలా వచ్చిందో ఆ మాట. కర్ర మీద బరువు వేసి, కదలలేదు.

జడ్జి గారు యాభై దాటిన సన్నటి మనిషి. నీలం గౌను, మాస్కు, దాని మీద ప్లాస్టిక్ ముసుగు వేసుకుని గదిలోకి వచ్చింది, వెనకే ఫ్రౌ లూడర్స్, ఆబిదా, బిర్గిట్. చేతిలో ఫైలు, ఫైలు మీద ఛాయాదేవి ఉత్తరం. ఆబిదాని కిటికీ వంచి తెరవమంది.

"ఆటని చూడకుండా ఎర్ర కార్డు ఇవ్వవద్దన్నది మీరేనా?"

"నేనే."

"ఆయనకి మీరేమవుతారు?"

మూడు రోజులుగా ఛాయాదేవి వెతుక్కుంటున్న జవాబు అప్పుడు దానంతటదే వచ్చింది. "ఆయనకి చదివి పెట్టేదాన్ని."

జడ్జి గారు ఆవిడ చంకలోని ఆల్బంని చూసింది. "హెర్ డ్వొరాక్ నా ప్రశ్న వేటికీ జవాబివ్వలేదు. కళ్లు కూడా తెరవలేదు. మీరు చదివితే పలుకుతారా?"

"పలుకుతారు" అంది ఛాయాదేవి. ఆవిడ నమ్మకం అది.

చేతి తొడుగులు తీసేసి అన్నిటికన్నా మంచి ముక్క తెరిచింది. కిటికీ సందులోకి నోరు పెట్టి, ఆదివారం గొంతుతో చదివింది. 'గడ్డకట్టిన మైదానంలో డ్వొరాక్ అయిదు గోల్స్. మొదటిది తొమ్మిదో నిమిషంలో, ఇద్దరు రక్షకుల మధ్యనుంచి...' అయిదు గోల్సూ చదివింది. దుప్పటి కింద కాలు కదల్లేదు.

ఇంకోటి చదివింది. 'డ్వొరాక్ హ్యాట్రిక్. గోల్‌కీపర్ రెండుసార్లు చూస్తూ నిలబడిపోయాడు.' రేగారి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గురక సన్నగా వినిపిస్తోంది. బిర్గిట్ చేతులు కట్టుకుంది. ఫ్రౌ లూడర్స్ నేలవైపు చూసింది, జాలిపడుతున్నట్టు. జడ్జి గారు గడియారం చూడలేదు గానీ ఫైలు మూసింది. ఆ చప్పుడు ఛాయాదేవికి ఆంబులెన్సు తలుపు మూసినట్టు వినిపించింది.

వేళ్లు మొద్దుబారిపోయాయి. పేజీలు తిప్పుతుంటే పిన్ను గుచ్చుకుంది. చుక్క నెత్తురు బూడిదరంగు అట్టమీద పడింది. ఛాయాదేవి ఆ పిన్నువైపు చూసింది. ఇప్పుడు ఇదా? నలుగురి ముందా? ఓడిపోయినదాన్ని వినిపించి పంపాలా?

వినిపించాలి. ఇంకేం మిగిలిందని? పిన్ను పీకి మంచులో పారేసింది.

'1954, మే. కప్పు ఫైనల్' అని మొదలుపెట్టింది. దగ్గి మళ్లీ చదివింది. 'రెండు, రెండు సమానంగా ఉండగా చివరి నిమిషంలో డ్వొరాక్‌కి ఖాళీ గోలు దొరికింది. ఎడమకాలితో కొట్టిన బంతి పక్కకి పోయింది. అదనపు సమయంలో ప్రత్యర్థులు గెలిచారు. సీజన్ అంతా గురితప్పని కాలు ఆఖరికి గురితప్పింది.'

"పక్కకి కాదు."

ఆబిదా ఉలిక్కిపడింది. మాట మంచం మీంచి వచ్చింది, ఇంగ్లీషులో. రేగారి కళ్లు తెరుచుకున్నాయి, మసక తప్ప ఏమీ కనిపించని ఆ లేతనీలం కళ్లు.

"లోపలికే వెళ్లింది" అన్నారు. "వలకి పక్కన చిల్లు ఉంది. బంతి లోపలికి వెళ్లి చిల్లులోంచి బయటికి వచ్చింది. మొదటి సగంలోనే చెప్పాను రిఫరీకి, చిల్లు కట్టించమని. కట్టించలేదు. లైన్స్‌మన్ సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. రాసినవాడు అసలు మైదానానికే రాలేదు."

జడ్జి గారు మంచం దగ్గరగా వచ్చింది. ఇంగ్లీషులోనే అడిగింది. "హెర్ డ్వొరాక్, అయితే అది గోలేనా?"

"మీరెవరు?"

"జడ్జిని."

"ఇన్నాళ్లకి వచ్చారా!" అన్నారు రేగారు. "గోలే. నూట తొంభై రెండు."

జడ్జి గారి భుజాలు కదిలాయి. ముసుగు వెనక నవ్విందో లేదో తెలియలేదు. "మీరు ఇక్కడి మనుషుల్ని ఎందుకు తంతున్నారు?"

"మనుషుల్నా?" ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. నిజంగా నొచ్చుకున్నారు. "నేను ఒక్క మనిషినీ తన్నలేదు. ఆరు సీజన్లలో ఒక్కసారి కూడా నన్ను బయటికి పంపలేదు. వాళ్లు నాకు పాస్ ఇస్తున్నారు. తెల్లటి మసక ఒకటి ఎడమవైపు వచ్చి పడుతుంది. రోజూ పొద్దున్నే ఇస్తారు. కొట్టకుండా ఏం చెయ్యమంటారు?"

జడ్జి గారు బిర్గిట్ వైపు తిరిగింది. "మాసిన దుప్పట్లు మీరు ఎక్కడ వేస్తారు?"

"మంచం మీదే. ఒక్క నిమిషం. తరవాత సంచీలో..."

"ఇప్పుడు వేసి చూపించండి. ఎడమవైపు."

బిర్గిట్ ఒక తువ్వాలుని ఉండ చుట్టి వేసింది. కాలు లేచింది. ఉండ ఫ్రౌ లూడర్స్ పక్కనుంచి దూసుకుపోయి తలుపులోంచి నడవాలో పడింది. కుడివైపు వేసింది, కాలు కదల్లేదు. బిర్గిట్ తన మణికట్టు పట్టీ చూసుకుంది. "అంటే," అంది నెమ్మదిగా, "ఆ రోజు నేను బంతికి అడ్డం వెళ్లాను."

"బెల్టు అవసరం నాకు కనిపించడం లేదు" అంది జడ్జి గారు, రాసుకుంటూ. "నిబంధన ప్రకారం మాసిన బట్ట నేరుగా సంచీలోకే వెళ్లాలి. అది చేస్తే చాలు. ఉత్తర్వు పంపిస్తాను." కిటికీ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. "ఫ్రౌ మూర్తి, మీ ఉత్తరం ఫైలులో ఉంటుంది."

ఆవిడ వెళ్లాక ఛాయాదేవి గోడకి ఆనుకుంది. ఆల్బం బరువుగా ఉంది.

"ఛాయా" అన్నారు రేగారు. "ఉన్నావా?"

"ఉన్నాను రేగారూ."

"పన్నెండేళ్లు ఆ పేజీ దాటేశావు."

ఆవిడ గోడ వదిలి కిటికీ దగ్గరికి జరిగింది. "మీకు తెలుసా?"

"నా ఆల్బంలో ఎన్ని పేజీలున్నాయో నాకు తెలియదా?"

"మీరు బాధపడతారని..."

"బాధేంటి? గెలిచినవాటిలో నేను అనాల్సింది ఏముంది? అన్నీ వాళ్లే రాసేశారు. నేను తిరిగి వాదించడానికి ఉన్నది ఆ ఒక్కటే. దాన్నే నువ్వు దాచేశావు." కాసేపు ఊపిరి తీసుకుని, "పెసరట్టు తెచ్చావా?" అన్నారు.

"కిటికీలోంచి ఇవ్వనివ్వరు."

"ఎవరు?" అన్నారు రేగారు.

ఫ్రౌ లూడర్స్ గుమ్మంలో నిలబడి ఉంది, తువ్వాలు చేతిలో పట్టుకుని. ఛాయాదేవి సంచీలోంచి ఒక కాగితం తీసి అద్దానికి ఆనించింది. గురువారం కూర్చుని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం. 'నా గురించి. రేమండ్ డ్వొరాక్. సెంటర్ ఫార్వర్డ్. ఎడమకాలు. గోల్స్ 191. దయచేసి ఎడమవైపు ఏమీ వేయవద్దు.' "పాతది తీసేసి ఇది అంటించండి" అంది. "గోల్స్ తప్పు రాశాను. నూట తొంభై రెండు అని వెయ్యండి. ఆదివారం పదకొండింటికి నాకు టెర్మిన్ రాసుకోండి. పావుగంట చాలదు, అరగంట."

ఫ్రౌ లూడర్స్ ఏదో అనబోయి, కిటికీ దగ్గరికి వచ్చింది. కిటికీ సందులోంచి చెయ్యి చాపి కాగితం తీసుకుంది. "పెసరట్టు అంటే ఏమిటి?" అని అడిగింది.

*

ట్రామ్ స్టాపులో ఫోను మోగింది. అప్పటికి నాలుగుసార్లు మోగిందట.

"అమ్మా! ఎక్కడున్నావ్? ఇంటి ఫోను ఎత్తవు, ఇది ఎత్తవు. నాకు ప్రాణం పోయింది తెలుసా?"

"ట్రామ్ కోసం నిలబడ్డాను. వాళ్లు బెల్టు కట్టడం లేదే. ఎల్లుండి కూడా వెళ్తాను నేను. నువ్వు అరిచినా వెళ్తాను."

సరయు గట్టిగా ఊపిరి వదిలింది. "సరే, వెళ్లు. మాస్కు మార్చుకో."

"సరయూ." ఛాయాదేవి స్టాపు బెంచీ మీద మంచుని కొంగుతో దులిపింది. కూర్చోలేదు. "ఆ రోజు మీ నాన్న ఒక మాట అడిగారు. నేను నీకు చెప్పలేదు."

ఫోనుని ఇంకో చెవికి మార్చుకుంది.

"స్ట్రెచర్ మీద మెట్లు దింపుతుంటే మాస్కు పక్కకి లాగి, నువ్వు వెనకాలే వస్తున్నావా అన్నారు. ఆంబులెన్సువాళ్లు అప్పటికే చెప్పేశారు, ఎవరూ రాకూడదని. నాకు తెలుసు. తెలిసీ, వస్తున్నా, చెప్పులేసుకుని వస్తున్నా, మీరు పదండి అన్నాను. ఆఖరి మాట అబద్ధం చెప్పి పంపించానే ఆయన్ని. అక్కడ పదకొండు రోజులూ ఎదురుచూసి ఉంటారు."

సరయు ముక్కు చీదుకుంది. గొంతు తడిగా ఉంది. "చెప్పులు వేసుకున్నావా?"

"ఆఁ?"

"అప్పుడు. చెప్పులు వేసుకున్నావా, లేదా?"

"వేసుకున్నాను. కింది దాకా దిగాను. వీధి మలుపు దాకా వెళ్లాను. అప్పటికే..."

"మరి అబద్ధం ఎలా అవుతుందమ్మా? వెళ్లావుగా!"

ట్రామ్ వచ్చింది. రెండు రోజుల తరవాత మొదటిసారి, ముక్కుకి మంచు అంటుకుని, గంట కొట్టుకుంటూ వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. డ్రైవరు అద్దంలోంచి ఆవిడవైపు చూశాడు. వెళ్లమని ఛాయాదేవి చెయ్యి ఊపింది.

"మళ్లీ చెప్తాను, విను" అంది. "మొదటి నుంచీ చెప్తాను."